మృగశిర రాకముందే పొయ్యి సంగతి

రోహిణి కార్తె సగం గడిచింది. మృగశిర యిక వారమో పది రోజులో. రైతు విత్తనాల కోసం, అప్పు కోసం తిరుగుతున్నాడు. కూలి యింట్లో ఆడవాళ్ళ తిరుగుడు వేరే. తొలకరి పడేలోగా నాలుగు మోపుల ఎండు కట్టె యింటికి చేర్చుకోవాలి. చేర్చుకోలేకపోతే వానాకాలమంతా పచ్చికట్టెతో, తడిసిన పిడకతో కుస్తీ పట్టాలి. యీ శీర్షికలో కౌలు గురించి, కూలిరేట్ల గురించి, ఎరువుల ధరల గురించి ఎన్నోసార్లు రాసుకున్నాం. పొయ్యి గురించి మాత్రం రాయలేదు. అది ఆడవాళ్ళ సంగతి అనుకున్నామో, యింటి సంగతి పత్రికకెందుకు అనుకున్నామో గానీ, రాయలేదు. తప్పే.

ఆ తప్పు నాకు తెలిసివచ్చిన తీరు చెబుతాను. మొన్న ఒక కాలనీలో కలుపు కూలిరేటు మీద సమావేశం పెట్టాం. ముప్పైమంది దాకా ఆడవాళ్ళు వచ్చారు. మాటల్లో మాటగా “గ్యాస్ లేనివాళ్ళు ఎవరమ్మా, చేతులెత్తండి” అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరికీ కనెక్షన్ వుందన్నమాట. “సరే, యివాళ పొద్దున గ్యాస్ మీద అన్నం వండినవాళ్ళు?” అన్నాను. నాలుగు చేతులు లేచాయి. వెనకనుంచి ఒక పెద్దావిడ అందుకున్నది. “బండ లేకేం నాయనా, వుంది. ఉత్తబండ. దానిమీద గుడ్డ పరిచి దేవుడి పటం పెట్టుకున్నాం.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సమావేశం అయ్యాక ఆ కాలనీలో వీధి వెంట నడిస్తే యింటింటి వెనకా రేకుల పంచలో పొయ్యి, దాని పైన గోడంతా మసి. లెక్కల్లో ఆ వూరు పొగలేని వూరు.

యిది ఆ ఒక్క వూరి కథ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. రెండింటివల్లా గ్యాస్ పొయ్యి పేదయింటి గడప తొక్కిన మాట నిజం, కాదనం. కానీ కనెక్షన్ యివ్వటం ఒక ఎత్తు, బండ నింపించుకోవటం ఒక ఎత్తు. కేంద్ర ప్రభుత్వ లెక్కలు తనిఖీచేసే కాగ్ స్వయంగా చెప్పిన ముక్క వినండి: 2018 డిసెంబరు ఆఖరునాటికి ఉజ్వల కింద గ్యాస్ వచ్చిన యిళ్ళు ఏడాదికి సగటున నింపించుకున్నది 3.21 బండలు. నలుగురైదుగురున్న యింట్లో మూడుపూటలా గ్యాస్ మీదే వండితే ఏడెనిమిది బండలు పడతాయి. తక్కిన రోజులు వంట దేనిమీద అయింది? యీ ప్రశ్నకు జవాబు పథకాల కరపత్రాల్లో దొరకదు, పెరట్లో దొరుకుతుంది.

కారణం కూడా దాచిపెట్టేదేమీ కాదు. 2020లో మామూలు కనెక్షన్లకు కేంద్రం సబ్సిడీ ఆగిపోయింది. ఉజ్వల యిళ్ళకు 2022 మేలో బండకు 200 రూపాయలు, 2023 అక్టోబరులో దాన్ని 300 చేశారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో 500 రూపాయలకే బండ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. మంచిదే. అయితే రెండుచోట్లా పథకం మొదలైనప్పటి పద్ధతి ఏమిటి? ముందు పూర్తి డబ్బు మనం కట్టాలి, తర్వాత బ్యాంకులో పడుతుంది. నెలజీతం వచ్చేవాడికి యిది పెద్ద విషయం కాదు. శనివారం కూలిడబ్బులు ఆదివారం సంతలో అయిపోయే యింటికి ఆ ముందస్తు డబ్బు ఎక్కడిది? వడ్డీకి తేవాలి. తెలంగాణలో యింకో మెలిక కూడా పెట్టారు. వెనకటి మూడేళ్ళలో సగటున ఎన్ని బండలు వాడావో అన్నిటికే తగ్గింపు. అంటే డబ్బులేక కట్టెలు కాల్చుకున్న యింటికి, నువ్వు కట్టెలు కాల్చావు గనుక నీకు తక్కువ బండలు అని చెప్పటం. ఉన్నవాడికి ఎక్కువ, లేనివాడికి తక్కువ అనే లెక్కకు యింతకంటే సూటి ఉదాహరణ నేను చూడలేదు.

కాబట్టి యింకా కొన్నేళ్ళు మన యిళ్ళలో కట్టెల పొయ్యి వెలుగుతూనే వుంటుంది. వెలిగేదాన్ని సక్రమంగా వెలిగించుకోవటం ఎలా అనేదే యిక్కడ రాస్తున్నాను. దీనిమీద ఒక కార్యకర్త నాతో తగువు పడ్డాడు. “పొయ్యి బాగుచేసుకోండి అంటే, గ్యాస్ అడగొద్దనటమే కదా అన్నా?” అన్నాడు. కాదు. మట్టిపొయ్యిని ఎంత బాగా కట్టినా, ఎంత ఎండుకట్టె పెట్టినా గ్యాస్ అంత శుభ్రంగా మండదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కూలి పెరిగేదాకా పస్తుండమని మనం ఎవరికీ చెప్పం గదా, అలాగే బండ ధర దిగేదాకా పొగ మింగమనీ చెప్పకూడదు.

పొగ అంటే ఏమిటో తెలిస్తే సగం పని అయినట్టే. పొగ అంటే కాలకుండా పోయిన కట్టె. మోపు నెత్తిన పెట్టుకుని రెండుమైళ్ళు మోసుకొచ్చిన కట్టెలో కొంత భాగం కుండకింద మండకుండా మన కంట్లోకి, వూపిరితిత్తుల్లోకి పోతున్నది. కట్టె వేడెక్కితే దాంట్లోంచి ఆవిరిలాంటి గాలులు బయటికి వస్తాయి. అవి అంటుకుంటే మంట. అంటుకోవటానికి చాలినంత వేడి, చాలినంత గాలి లేకపోతే అవే పొగ. పొయ్యి పొగచిమ్ముతున్నదంటే రెండే కారణాలు, తడి ఎక్కువైనా అయివుండాలి, గాలి తక్కువైనా అయివుండాలి.

ముందు తడి సంగతి. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో సగానికి దగ్గరగా నీరే. పది కిలోల పచ్చిమోపులో అయిదు కిలోల నీళ్ళు మోస్తున్నామన్నమాట. ఆ నీళ్ళు ఆవిరి కావటానికే ముప్పావు కిలో ఎండుకట్టె యిచ్చే వేడి పోతుంది. అయితే అసలు నష్టం అది కాదు. నీరు ఆవిరవుతున్నంతసేపూ మంట చల్లబడుతుంది, చల్లబడిన మంటలో గాలులు అంటుకోవు, యిల్లంతా పొగ. ఊదుగొట్టం పెట్టి బుగ్గలు నొప్పెట్టేలా వూదుతాం. వూదినంతసేపూ మండుతుంది, ఆపితే ఆరుతుంది. ఎండుకట్టెకు వూదుగొట్టం పనే తక్కువ. ఊదుగొట్టం రోజూ చేతిలో వుంటున్నదంటే లోపం కట్టెలో వుందని గుర్తు.

కట్టె ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండు ముక్కలు ఒకదానికొకటి తాటిస్తే ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఎండినదానికి కొసల్లో గీతల్లా పగుళ్ళు వస్తాయి, బెరడు గోటితో లేస్తుంది. పొయ్యిలో పెట్టినప్పుడు రెండో కొసన నురగ వచ్చి సొయ్‌మని చప్పుడైతే అది యింకా ఎండాలి. మొద్దును మొద్దుగా వుంచితే ఏడాదికి కూడా లోపల ఆరదు. గొడ్డలితో చీల్చాలి. మణికట్టు లావు దాటకుండా చీల్చి, రోహిణి ఎండలో పదిహేను రోజులు పడేస్తే వానాకాలానికి పనికొచ్చే కట్టె అవుతుంది. యీ ఎండ తిరిగి రాదు. అందుకే యిప్పుడు రాస్తున్నాను.

ఏ కట్టె ఎలా మండుతుందో ఆడవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్ళదగ్గరే నేర్చుకున్నాను. తుమ్మ, చింత గట్టి నిప్పు యిస్తాయి, నిదానంగా కాలుతాయి. సర్కారు తుమ్మ ముళ్ళతో చేతులు చీరుకుపోయినా మంటకు దానికి సాటి తక్కువ. సరుగుడు, సుబాబుల్ కూడా మంచివే, కానీ అవి కాయితం మిల్లుకు పోతాయి, మన పొయ్యిదాకా రావు. కందికంప చురుక్కున అంటుకుని చటుక్కున ఆరిపోతుంది, ఎసరు మరగటానికి పనికొస్తుంది గాని పప్పు వుడకటానికి కాదు. మిరపకట్టె ఘాటు వేరే చెప్పాలా? గుంటూరు, పల్నాడు, ఖమ్మం మిరపచేలల్లో పనిచేసేవాళ్ళకు పగలు చేలో దగ్గు, రాత్రి పొయ్యికాడ దగ్గు. దాన్ని పసిపిల్లలున్న యింట్లో నాలుగ్గోడల మధ్య కాల్చవద్దు, పెరట్లో నీళ్ళు కాచుకోవటానికి వాడండి.

పత్తికట్టె సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాంట్లో కూలిబేరం కూడా వుంది. ఆఖరి తీత అయిపోయాక చాలా వూళ్ళలో ఆసామి ఏమంటాడు? “కట్టె పీక్కుపో, కట్టె నీదే, కూలి లేదు” అంటాడు. ఎకరం చేలో పత్తికట్టె ఎండితే టన్ను అటూయిటూ వుంటుంది. చూడటానికి మంచి బేరమే. కానీ ఎకరం కట్టె పీకటానికి ఎన్ని చేతులు, ఎన్ని పూటలు పడతాయి? ఆ చేను శుభ్రం కావటం ఆసామికి అవసరం, ట్రాక్టరు పెడితే డబ్బు యివ్వాల్సిన పని. అదే పని మనచేత వుత్తపుణ్యానికి చేయించుకుంటూ కట్టె దానం చేసినట్టు మాట్లాడటం కుదరదు. సగం కూలీ, కట్టే రెండూ అడగండి. అడిగిన వూళ్ళలో కొన్నిచోట్ల యిచ్చారు. మరికొన్నిచోట్ల మాత్రం రోటవేటరు పెట్టి కట్టెను చేలోనే నలిపేస్తున్నారు. నేలకు మంచిదేనంటారు, కావచ్చు. ఆ కట్టెమీద బతికిన పొయ్యిలకు బదులేమిటో ఎవరూ చెప్పరు. ఊక సంగతీ అంతే. ఒకప్పుడు మిల్లుకాడ అడిగితే గోనెడు యిచ్చేవాళ్ళు, వూకపొయ్యిలో కూరి రెండుపూటలు వండుకునేవాళ్ళం. యిప్పుడు బాయిలర్లకూ, కరెంటు తయారుచేసే ప్లాంట్లకూ లారీలకెత్తి అమ్ముతున్నారు. పేదవాడి చెత్తకు ధర రాగానే అది పేదవాడికి అందకుండా పోతుంది.

పత్తికట్టెను యింటికి తెచ్చినవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. విచ్చుకోని గుడ్డికాయల్లో గులాబిరంగు పురుగు దాక్కుని వుంటుంది. మోపులు మోపులుగా పెరట్లో పేర్చి, జులై దాకా అలాగే వుంచితే, ఆ పురుగు రెక్కలపురుగై మళ్ళీ కొత్తచేల మీదకు పోతుంది. తెచ్చిన రోజే గుడ్డికాయలు దూసి కాల్చెయ్యండి. కట్టెలన్నిటిలో పత్తికట్టెనే ముందు ఖర్చుపెట్టి, విత్తనం పడేనాటికి అవగొట్టండి. తుమ్మా, చింతా వానాకాలానికి దాచండి. ఆఖరిదాకా మందులు కొట్టిన చేను కట్టె అయితే వాన పడో, ఎండకు బాగా ఆరో వచ్చినదాకా పొయ్యిలో పెట్టవద్దు.

యిక గాలి. మన పొయ్యిల్లో జరిగే పెద్ద పొరపాటు మూతినిండా కట్టెలు కూరటం. ఎక్కువ కట్టె పెడితే ఎక్కువ మంట వస్తుందనుకుంటాం. గాలి పోయే దారి మూసుకుపోయి పొగ వస్తుంది. పొయ్యిమూతిలో కిందిసగం ఎప్పుడూ ఖాళీగా వుండాలి. రెండు మూడు చీలికలు, వాటి కొసలు మాత్రమే మంటలో వుండాలి. కాలినకొద్దీ లోపలికి జరుపుతూ రావాలి. యిది కాస్త కాపలా పని, నిజమే. కానీ వంట ముగిసేసరికి మోపులో తేడా కళ్ళకు కనిపిస్తుంది.

కట్టె నేలమీద పడుకుని వుంటే దాని కిందికి గాలి రాదు. పాత యినుపసువ్వ ముక్కలు, యిల్లు కట్టేచోట మిగిలిన తుండ్లు నాలుగు తెచ్చి, పొయ్యి అడుగునుంచి మూడంగుళాల ఎత్తున అడ్డంగా పాతి, వాటిమీద కట్టె పెట్టండి. బూడిద కిందికి రాలుతుంది, గాలి కిందనుంచి పైకి లేస్తుంది. యింతకంటే చౌకబారు మరమ్మతు యింకొకటి లేదు. కింద రాలిన బూడిద రోజూ తియ్యాలి, లేకపోతే నాలుగురోజుల్లో ఆ సందు మూసుకుపోయి సువ్వలు వేసీ వేయనట్టే. సువ్వలు లేని పొయ్యిలో అయితే రెండువేళ్ళ మందం బూడిద వుంచుకోవచ్చు, నిప్పు నిలుస్తుంది. అంతకు మించితే పొయ్యి వుక్కిరిబిక్కిరి అవుతుంది.

కుండకూ పొయ్యి అంచుకూ మధ్య సందు యింకో సంగతి. పొయ్యిగడ్డలు మరీ ఎత్తుగా వుంటే మంట పక్కలనుంచి ఎగిరిపోతుంది, కుండకు తగలదు. మరీ పొట్టిగా వుంటే పొగ బయటికి పోలేక మూతిలోంచి మన ముఖం మీదికి వస్తుంది. బొటనవేలి మందం, అంగుళం లోపు వుంటే సరిపోతుంది. మూడు రాళ్ళమీద బయట పెట్టే పొయ్యిలో నూటికి పది పదిహేను పాళ్ళ వేడి కూడా కుండకు చేరదు, మిగిలింది గాలిపాలు. మూడువైపులా మట్టిగోడ కట్టి, గాలివాటు మూతి రాకుండా చూసుకుంటేనే చాలా కట్టె మిగులుతుంది. కోడిపొయ్యి వున్నవాళ్ళు దానిమీద ఏదో ఒకటి పెట్టండి, నీళ్ళయినా సరే. దాన్ని వుత్తగా వుంచితే ప్రధాన పొయ్యి మంట కూడా అటే పారిపోతుంది.

పొయ్యి కట్టటానికి పుట్టమన్నుకు మించిన మన్ను లేదని మా అమ్మ అనేది. నేను కట్టినవాటిలోనూ అదే తేలింది. పుట్టమన్ను, పేడ, తరిగిన వరిగడ్డి లేదా వూక కలిపి ఒకరాత్రి నాననిచ్చి, కాళ్ళతో బాగా తొక్కి, పొరమీద పొర పెట్టాలి. ఒక్కరోజులో మొత్తం లేపితే పగులుతుంది. వారం పదిరోజులు నీడన ఆరనిచ్చి, మొదట చితుకులతో చిన్నమంట పెట్టి, తర్వాతే వంటకు దిగాలి. వారానికోసారి పేడా ఎర్రమన్నూ కలిపి అలికితే కేవలం అందం కోసం కాదు, వెంట్రుకవాసి పగుళ్ళు అప్పుడే పూడుకుంటాయి. పగులు పెద్దదైతే అలుకు చాలదు, గీరి తడిపి పుట్టమన్నుతో కూరాలి.

పొగగొట్టం గల పొయ్యి కొత్తమాట కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు కోట్లాదిమంది వంటిళ్ళకు పొగ లేకుండా చెయ్యటం ఎలాగో 1953లోనే పుస్తకం రాశారు. మట్టితో కట్టే పొయ్యి, దానికి గొట్టం. తర్వాత 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టి, దేశమంతటా మూడుకోట్లకు పైగా పొయ్యిలు వేయించామని లెక్క చూపి, 2002లో చేతులు దులుపుకున్నది. మా వూరికి అవి నా చిన్నతనంలో వచ్చాయి. వచ్చినవాళ్ళు ఎవరింటి కుండ ఎంతో అడగలేదు. ఒకే కొలత బొక్కలు. మా యింటి అన్నపుకుండ దాంట్లోకి దిగలేదు, పప్పుకుండ జారిపోయింది. గొట్టాలు నిలబెట్టి, లెక్క రాసుకుని, సంతకాలు పెట్టించుకుని పోయారు. మొదటి గాలివానకు గొట్టం విరిగింది. విరిగితే ఎవరిని అడగాలో చెప్పినవాడు లేడు. రెండునెలల తర్వాత మా అమ్మ దాన్ని పగలగొట్టి పాతపొయ్యి కట్టుకున్నది. “మూఢులు, కొత్తది యిస్తే వాడుకోరు” అని తర్వాత వచ్చిన ఆఫీసరు అన్నాడట. పొయ్యిని వాడే ఆడమనిషిని అడగకుండా పొయ్యి కట్టినవాడు మూఢుడా, పనికిరానిదాన్ని పగలగొట్టినావిడ మూఢురాలా?

గొట్టం పెట్టుకోగలిగినవాళ్ళు మాత్రం పెట్టుకోండి. దానికి మూడు సంగతులు గుర్తుండాలి. గొట్టం యింటికప్పు దాటి రెండుమూడు అడుగులు పైకి పోవాలి. చూరుకింద ఆగితే గాలికి పొగ తిరిగి లోపలికే వస్తుంది. పొయ్యి ఒంట్లో పగుళ్ళుంటే గొట్టం ఆ పగుళ్ళలోంచి గాలి పీల్చుకుంటుంది గాని మంటలోంచి పొగను లాగదు. అలాగే ఒకే కుండ పెట్టి రెండో బొక్క తెరిచి వదిలితే గొట్టం పనిచెయ్యదు, దాన్ని మూకుడుతోనైనా మూయాలి. ఇక నెలకోసారి మసి దులపాలి. తాడుకు కొబ్బరిపీచు కట్ట కట్టి, దాని కింద చిన్నరాయి వేలాడదీసి, పైనుంచి వదిలి కిందికీ పైకీ ఆడిస్తే రాలిపోతుంది. రాలినది తియ్యటానికి గొట్టం మొదట్లో చిన్న కంత వదిలి మట్టిబిళ్ళతో మూసి వుంచుకోవాలి. దులపకుండా ఆర్నెల్లు వదిలిన గొట్టం లేనట్టే లెక్క. పచ్చికట్టె కాల్చేవాళ్ళకు గొట్టంలో తారులా జిడ్డు పడుతుంది, అది ఎప్పుడో ఒకప్పుడు అంటుకోవచ్చు. తాటాకు, రెల్లు కప్పులోంచి గొట్టం పంపేవాళ్ళు చుట్టూ మూరెడు మేర కప్పు కోసి రేకు బిగించాలి. అది చెయ్యలేకపోతే గొట్టం గోడలోంచి బయటికి తీయండి, కప్పులోంచి వద్దు.

గొట్టం లేనివాళ్ళు కనీసం పొయ్యిని కిటికీ దగ్గరికో, పంచలోకో మార్చండి. పొయ్యికి ఎదురుగా కింద ఒక సందు, కప్పుకు దగ్గరగా ఎదురుగోడకు ఒక సందు వుంటే పొగ నిలవదు. పసిబిడ్డను చంకనేసుకుని పొయ్యిముందు కూర్చోవద్దు. ఆ బిడ్డ వూపిరి ఎత్తున, పొగ ఎత్తున ఒకటే. బిడ్డను ఎత్తుకోవటానికి యింట్లో మగవాళ్ళు లేరా? వుంటే ఆ అరగంట అరుగుమీద చీట్లపేక మానవచ్చు.

యింత చెప్పటం ఎందుకంటే యిది కళ్ళమంటతో పోయే సంగతి కాదు. నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో యిల్లిల్లూ తిరిగి గాలిలో నుసి కొలిచి 2004లో ప్రచురించిన పరిశోధన వుంది. వూపిరిలోకి పోయే నుసి ఘనపు మీటరు గాలిలో గ్యాస్ వాడే యిళ్ళలో 73 మైక్రోగ్రాములదాకా దిగితే, కట్టె, పిడక వాడే యిళ్ళలో 732 దాకా పోయింది. పదిరెట్లు. వంట చేసే ఆడవాళ్ళకే ఎక్కువ తగులుతున్నదని కూడా వాళ్ళు తేల్చారు. మా అమ్మకు అరవై దాటకముందే ఆయాసం పట్టుకున్నది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఛాతీ ఫోటో చూసి “ఎన్నేళ్ళనుంచి తాగుతున్నావమ్మా చుట్ట?” అని అడిగాడు. జన్మలో చుట్ట ముట్టలేదు ఆమె. నలభై అయిదేళ్ళు పొయ్యి ముట్టించింది. ఆ మాట నేను చెబితే డాక్టరు తలూపి, అదీ అంతేనన్నాడు. ఆ ముక్క మనకు యిరవయ్యేళ్ళ ముందు ఎవరైనా చెప్పివుంటే బాగుండేది.

యీ మధ్య రహదారి పొడుగునా హోటళ్ళకు “కట్టెల పొయ్యి వంట” అని బోర్డులు కడుతున్నారు. రుచి కోసమట, ప్లేటుకు రేటు కూడా ఎక్కువ. తినేవాడికి రుచి. లోపల ఆ పొయ్యిముందు నిలబడేది మళ్ళీ మన వూరి మనిషే. బడిలో వందమంది పిల్లలకు చెట్టుకింద కట్టెలమీద అన్నం వండే అక్కలకు యిచ్చే గౌరవవేతనం గురించి వేరే రాయాలి, యిక్కడ చోటు చాలదు.

ముట్టించే పద్ధతి దగ్గర ఒక చెడ్డ అలవాటు వూరూరా పాకింది. రేషను కిరసనాయిలు కోటాలు కోసుకుంటూ వచ్చాక, పొయ్యి అంటించటానికి ప్లాస్టిక్ కవర్లు, చిరిగిన చెప్పులు, పాల ప్యాకెట్లు వాడుతున్నారు. వెంటనే అంటుకుంటుంది, నిజమే. ఆ నల్లపొగ కట్టెపొగకంటే విషం. యింకా ఘోరం, పురుగుమందు డబ్బాల అట్టపెట్టెలు, ఖాళీ సీసాలు పొయ్యిలో వేయటం నేను చూశాను. అవి ఏ పరిస్థితిలోనూ వద్దు. రంగువేసిన తలుపుచెక్కలు కూడా వద్దు. ఎండుకొబ్బరిపీచు, తాటిమట్ట చీలికలు, కందిచితుకులు, నూనెగుడ్డ ముక్క, యివి చాలు. చితుకులు పైన గాక కింద పెట్టి, వాటిమీద వదులుగా చీలికలు పేర్చండి.

కట్టె మిగిల్చే సంగతులు కొన్ని పొయ్యి బయట వున్నాయి. పప్పు గంటముందు నానబెడితే, బియ్యం కూడా కాసేపు నాననిస్తే మంట తగ్గుతుంది. మూత లేకుండా ఎసరు పెట్టటం వాకిట్లో మంట వేసుకున్నట్టే. అన్నం మూడొంతులు వుడికాక మంట తగ్గించి నిప్పులమీద మగ్గనివ్వటం పాతవాళ్ళ పద్ధతి, మంచి పద్ధతి. వరిగడ్డి దట్టంగా కూరిన బుట్టలో వుడికేకుండను మూతతోసహా దించి, పైన గోనె కప్పి అరగంట వుంచినా పలుకు లేకుండా వుడుకుతుంది. గంజి వంచే అన్నానికి కాదు, సరిపడా నీళ్ళు పోసిన అన్నానికి. కుండ అడుగున ముందే తడిబూడిదో మన్నో పూస్తే మసి తోముకునే బాధ తగ్గుతుంది.

నిప్పు భయం యీ కార్తెలోనే ఎక్కువ. పశ్చిమపు గాలి లేవకముందే వంట ముగించి పొయ్యి ఆర్పాలని పెద్దవాళ్ళు అనేది వట్టిమాట కాదు. పూరిళ్ళ వాడల్లో ఒక్క మిణుగురు చాలు, పొద్దున తొమ్మిదికి వున్న వాడ పదికి వుండదు. పొయ్యిదగ్గర ఒక బిందెడు నీళ్ళు, ఒక తట్టెడు యిసుక వూరికే వుంచండి. చీరచెంగు బొడ్లో దోపుకోండి, ఆ నైలాను చీరలు అంటుకుంటే కరిగి వొంటికి అతుక్కుంటాయి. అంటుకుంటే పరుగెత్తవద్దు, నేలమీద పడి దొర్లాలి, పక్కవాళ్ళు గోనో దుప్పటో కప్పాలి. కాలినచోట దోసెపిండి, సిరా, పేస్టు పూయకండి. యిరవై నిమిషాలు చల్లటి మంచినీళ్ళు పోస్తూ వుండి, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాకే పిల్లలున్న యిళ్ళలో పొయ్యిని నేలనుంచి ఎత్తి గట్టుమీద కట్టుకుంటే నిలబడి వండుకోవచ్చు, నడుమూ మిగులుతుంది, పిల్లా మిగులుతుంది.

ఏజెన్సీ మన్యం వాళ్ళకు ఒక హెచ్చరిక వేరే చెప్పాలి. చలికాలం కుంపట్లో నిప్పులు పోసుకుని తలుపులన్నీ బిగించి పడుకుంటారు. పొగ లేదు గదా అని ధీమా. కణకణమనే నిప్పుల్లోంచి వాసనా రంగూ లేని విషవాయువు వస్తుంది. తలనొప్పి, వాంతి, మత్తు, తర్వాత లేవటం వుండదు. కుంపటి వాకిట్లో పెట్టి కాచుకుని, పడుకునేముందు బయటే వదిలెయ్యండి.

కట్టెల కుప్పకు నేల తగలకూడదు. నాలుగు రాళ్ళు వేసి, వాటిమీద రెండు గెడలు పరిచి పేర్చండి. పైన పట్టా కప్పండి గాని పక్కలు తెరిచి వుంచండి. నలువైపులా పట్టా చుట్టేస్తే లోపల చెమ్మపట్టి బూజెక్కుతుంది. మరునాటికి కావలసిన కట్టెను ముందురోజు రాత్రే పొయ్యిగట్టు పక్కన పెట్టుకుంటే ఆ వేడికి మిగిలిన చెమ్మా పోతుంది. కానీ ఆనించి పెట్టవద్దు, జానెడు ఎడంగా పెట్టండి. తొలకరి తర్వాత కుప్పలోకి నేరుగా చెయ్యి పెట్టవద్దు, కర్రతో కదిపి తీయండి. తేలూ పామూ కూడా పొడిచోటే వెతుక్కుంటాయి.

బూడిదను పారేయవద్దు. దాంట్లో పొటాషు వుంది, సున్నం వుంది. కందులకు, పెసలకు కలిపి దాచుకుంటే పురుగు తక్కువ పడుతుంది. పెరట్లో వంగకు, ఉల్లికి, అరటిపాదుకు కాస్తకాస్త చల్లవచ్చు. యూరియాతో గాని, పచ్చిపేడతో గాని కలిపి వేయవద్దు, సత్తువ ఘాటుగా గాలిలో కలిసిపోతుంది. అన్నిటికంటే ముందు, పొయ్యిలోంచి తీసిన బూడిదను ఆ రోజే పెంటకుప్ప మీద పోయకండి. పైకి చల్లగా కనిపించినా అడుగున కణం మర్నాటిదాకా వుంటుంది. మూత వున్న పాతరేకుడబ్బాలో రెండురోజులు వుంచి, చెయ్యిపెట్టి చూసి, అప్పుడు పోయండి.